చచ్చినవాడు పంపిన ఫోటో

ఫెర్రీ పెనాంగ్ దీవిలోని జార్జ్ టౌన్ జెట్టీని తాకేసరికి ముగిలన్ చచ్చిపోయి ఉన్నాడు.

కిటికీ పక్క సీట్లో తల వెనక్కి వాల్చి, కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు. వేలికి తాడుతో వేలాడుతున్న, మలేషియా పద్ధతి ప్లాస్టిక్ సంచిలో కాఫీ సగం మిగిలి ఉంది. స్ట్రా కొసన నురగ ఇంకా ఆరలేదు. చుట్టూ జనం మోటారుబైకులు స్టార్ట్ చేసుకుంటున్నారు. ఒక్కరూ అతని వైపు చూడటం లేదు.

ఫుడ్ డెలివరీ కుర్రాడి వేషంలో ఉన్న లోగేశ్వరన్ భుజాన చదరపు సంచితో దగ్గరికొచ్చి వంగాడు.

"బాస్, రోటీ ఆర్డర్ మీదేనా? ఉల్లిపాయ వెయ్యలేదు."

అది కోడ్. 'ఉల్లిపాయ నాకు పడదు' అని జవాబు రావాలి. రాలేదు. లోగేశ్వరన్ అతని భుజం తట్టాడు. తల మెల్లగా పక్కకి ఒరిగింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

లోగేశ్వరన్‌కి పరుగెత్తాలనిపించింది. కానీ చంపినవాడు ఈ ఫెర్రీలోనే ఉండి ఉండొచ్చు. పరుగెత్తేవాడి కోసమే చూస్తూ ఉండొచ్చు. ముగిలన్ జేబులోంచి కళ్లజోడు పెట్టె తీశాడు. దాన్ని డెలివరీ సంచిలో పడేసి, హెల్మెట్ అద్దం దించుకుని, గుంపుతో పాటు నడిచాడు. జెట్టీ దాటేవరకూ వీపు మధ్యలో ఏదో గుచ్చుకుంటున్నట్టే ఉంది.

ఒక మూల బైకు ఆపి ఫోన్ చేశాడు.

"అక్కా, ముగిలన్ పోయినాడు."

అవతల ఉన్నది శాంతాదేవి. కౌలాలంపూర్‌లో ఏ బోర్డూ లేని ఒక ఆఫీసుకి ఆవిడ అధిపతి. ఆఫీసులో అందరికీ మేడం. బంటింగ్ ఊళ్లో తెలుగువాళ్ల వీధిలోనే పుట్టిన లోగేశ్వరన్‌కి మాత్రం అక్క. ఫోన్లో ఇద్దరూ తెలుగే మాట్లాడతారు. తమ ఫోన్లు వినేవాళ్లకి మలయ్ వచ్చు, తమిళం వచ్చు, మాండరిన్ వచ్చు. మాట చివర మలయ్‌వాళ్లలా 'లా' తగిలించే బంటింగ్ తెలుగు రాదు. ఇంతవరకూ వాళ్లకి దానికి మించిన కోడ్ అవసరం పడలేదు.

"ఎలాగ పోయినాడు?" అంది శాంతాదేవి.

"కాఫీలో ఏదో కలిపినారు. మనిసి మీద దెబ్బ లేదు."

"సరుకు?"

"కళ్లజోడు పెట్టె అడుగున పెన్ డ్రైవ్. నా కాడే ఉంది."

"ఇను తమ్ముడూ. ఆ ముగిలన్ ఫ్యాక్టరీ మిషన్లని నడిపే సాఫ్ట్‌వేర్ రాసేవోడు. తాబేలు ముఠా ఆడిసేత ఏదో రాయించినాది. ఆడు రాసి ఇచ్చినాక బయ్యపడి మనకాడికి ఒచ్చినాడు. అది ఏటో, ఎక్కడ పేలతాదో ఆ డ్రైవ్‌లోనే ఉంటాది. షామినిని నీ గదికి పంపుతున్నాను. ముఠాలో మన మనిసి ఆ పిల్లే."

"అక్కా, నాకు సేతులు వణుకుతున్నాయి."

"వణకనీ. బయ్యం లేనోడి సేతికి ఇలాంటిది ఇవ్వను, లా."

తాబేలు అన్నది ఏజెన్సీ పెట్టిన పేరు. తల ఎప్పుడూ బయటపెట్టని విదేశీ ముఠా అది. యంత్రాలని పాడుచేసే ప్రోగ్రాములు తయారుచేసి, కొనేవాళ్లకి అమ్ముతుంది. అమ్మేముందు పనిచేస్తుందని చూపించడానికి ఎక్కడో ఒకచోట నిజంగా వాడుతుంది.

*

ఒక పాత దుకాణం మీద అద్దెకి తీసుకున్న గది. తలుపు గడియ వేసి, కర్టెన్ లాగి, లోగేశ్వరన్ తన పాత లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. దానికి వైఫై లేదు. ఆ చిప్పుని తనే స్క్రూడ్రైవర్‌తో పీకేశాడు. అందులో విండోస్ కూడా లేదు. బయట మెషీన్లని పట్టే రోగం దేన్ని తెచ్చి గుచ్చినా దానికి అంటదు.

డ్రైవ్ గుచ్చాడు. ఒకే ఒక్క ఫైల్. బొమ్మ గుర్తు చూస్తే ఫోటో. పేరు చూస్తే 'lori_rcs.jpg'.

తలుపు తట్టిన చప్పుడుకి అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

షామిని లోపలికొచ్చింది. ఆకుపచ్చ పట్టు చొక్కా, నల్లకళ్లద్దాలు, మణికట్టుకి సన్నటి బంగారు గడియారం. ఆమె వెంటే మల్లెపూల సెంటు వాసన గదంతా పరుచుకుంది. పెనాంగ్‌లో ఆమెకో బట్టల షాపు ఉంది. తాబేలు ముఠా మనుషులు వచ్చిపోయేది అక్కడికే. వాళ్ల మాటలు ఏజెన్సీకి చేరవేసేది ఆమే. మాట్లాడేది తమిళం, లేకపోతే ఇంగ్లీషు.

"ముగిలన్ దేనికోసం చచ్చిపోయాడో చూశారా?" అంది తమిళంలో.

"ఫోటోలా ఉంది."

"అయితే తెరవండి. చంపినవాడి మొహం అందులోనే ఉందేమో."

ఆమె వంగి టచ్‌ప్యాడ్ మీదికి వేలు చాచింది. లోగేశ్వరన్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తెరవడం చివరి పని. ముందు అదేంటో తెలియాలి."

"పేరు చివర రాసే ఉంది కదా, లా. ఫోటో అని."

"పేరు ఎవడైనా రాయొచ్చు."

అతను పేరు వైపే చూస్తూ కూర్చున్నాడు. rcs. ఆ మూడక్షరాలు అక్కడెందుకు? కర్టెన్ సందులోంచి, కింద వీధిలో మసీదు బోర్డు మీద, మలయ్‌ని అరబ్బీ అక్షరాలతో రాసే జావీ లిపి కనిపిస్తోంది. ఈ దేశంలో పుట్టినవాళ్లకి అది అలవాటే. జావీని కుడి నుంచి ఎడమకి చదవాలి. అలాంటి లిపుల కోసం కంప్యూటర్‌లో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. దాన్ని పేరు మధ్యలో పెడితే, ఆ తర్వాత అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తాయి.

అతను పేరుని ఒక్కో అక్షరంగా విడగొట్టాడు. గుర్తు అక్కడే ఉంది. అది తీసేస్తే అసలు పేరు బయటపడింది. చివర ఉన్నది jpg కాదు. scr.

"స్క్రీన్ సేవర్," అన్నాడు. "చేపలు ఈదే బొమ్మలు పెట్టుకునేవాళ్లు కదా, వాటి రకం. చూడ్డానికి బొమ్మ. లోపల పూర్తి ప్రోగ్రాం. నొక్కామంటే ఏం చెయ్యమంటే అది చేస్తుంది."

ఫైల్‌ని తెరవకుండా దాని మొదటి అక్షరాలు మాత్రం చదివాడు. ఫోటో అయితే ఒకలా మొదలవ్వాలి. ఇది MZ అని మొదలైంది. విండోస్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాం నుదుటి మీదా ఉండే రెండక్షరాలు. పేరు మార్చొచ్చు, బొమ్మ మార్చొచ్చు. ఈ రెండక్షరాలు మారిస్తే అది నడవదు.

షామిని కళ్లద్దాలు తీసింది. "అయినా నడిపి చూస్తేనే కదా తెలిసేది. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపి మేడంకి పంపండి. అక్కడ పెద్ద మెషీన్లున్నాయి."

"చచ్చినా పంపను."

లాప్‌టాప్ లోపల అతనొక నకిలీ విండోస్ కంప్యూటర్ తయారుచేసుకున్నాడు. గోడలు మూసేసిన గది లాంటిది. అందులో ఏం తగలబడ్డా, ఒక్క నొక్కుతో మొదటి స్థితికి తెచ్చేయొచ్చు. ఫైల్‌ని అందులో పెట్టి నొక్కాడు.

తెర మీద ఒక లారీ ఫోటో వచ్చింది. పసుపు రంగు లారీ. అంతే.

షామిని నవ్వింది. "అయ్యో, ఇంతేనా? దీనికే ఇంత భయమా?"

లోగేశ్వరన్‌కి నవ్వు రాలేదు. తలుపు వెనక ఎవరో నిలబడి ఊపిరి ఆపుకున్నప్పుడు ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుంది. ఫోటో చూపించడానికి అంత పెద్ద ప్రోగ్రాం అక్కర్లేదు. అది దేనికోసమో వెతికింది. దొరకలేదు. అందుకే నోరు మూసుకుంది.

ఫైల్ లోపల దాగిన మాటలు బయటికి తీశాడు. చెత్త అక్షరాల మధ్య అక్కడక్కడ చదవగలిగే ముక్కలు. ఒక కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పేరు. ఒక రబ్బరు గ్లవ్స్ కిలాంగ్, అంటే ఫ్యాక్టరీ పేరు. ఊరు, సుంగై పెటాని. మధ్యాహ్నం షిఫ్ట్ మారే గంట. ఆ కింద ఒక మలయ్ మాట.

KLORIN.

గ్లవ్స్ జిగట లేకుండా చేయడానికి క్లోరిన్ వాడతారు. డ్రమ్ముల కొద్దీ నిలవ ఉంటుంది. గాలి కన్నా బరువైన గ్యాస్. బయటపడితే నేల మీద పాకుతూ ఇళ్లలోకి వెళుతుంది.

అతను ఫోన్ అందుకున్నాడు. షామిని కిటికీ దగ్గర నిలబడి చేతి అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ సరిచేసుకుంటోంది.

"అక్కా, సుంగై పెటాని గ్లవ్స్ కిలాంగ్. క్లోరిన్ వదిలేత్తారు. సిఫ్ట్ మారినప్పుడు, గేటు కాడ జనం నిండుగా ఉన్నప్పుడు."

"అలామక్, కొంప మునిగినాది," అంది శాంతాదేవి. "ఆల మేనేజర్లని ఒప్పించి, కంట్రోల్ రూముతో నాను మాటాడి నెట్ కేబుల్ పీకించేత్తాను. బయటి నుంచి ఎవలూ ముట్టుకోకుండా. నువ్వు ఎల్లు అక్కడికి. ఉన్నపళంగా ఎల్లు."

"నా కారు కిందే ఉంది," అంది షామిని ఇంగ్లీషులో, అద్దం మూస్తూ.

*

బ్రిడ్జి దాటి కారు ఉత్తరానికి తిరిగింది. లోగేశ్వరన్ ఒళ్లో లాప్‌టాప్ తెరిచే ఉంది. ఆ ప్రోగ్రాం వెతికేది దానికి దొరికితే ఏం చేస్తుందో చూడాలి. నకిలీ కంప్యూటర్‌లో ఆ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పేరుతో ఒక ఉత్త ఫోల్డర్ పెట్టాడు. ఫైల్‌ని మళ్లీ నొక్కాడు.

లారీ ఫోటో వచ్చింది. ఈసారి దాని వెనక ఆదేశాలు వరసగా దిగాయి.

స్క్రబ్బర్ ఆఫ్. అలారం ఆఫ్. తెర మీద పాత రీడింగులే చూపించు. వాల్వులన్నీ ఓపెన్.

షిఫ్ట్ మారే గంట ఇంకా కాలేదు. మరి ఇప్పుడే ఎందుకు మొదలుపెట్టింది? ఆదేశాల మొదటి వరస చదివాడు. అర్థమయ్యాక మళ్లీ చదివాడు.

నెట్ ఉంటే గంట కొట్టేదాకా వాల్వులు తెరవకుండా ఆగు. నెట్ పోతే ఆగకు.

ఈ లాప్‌టాప్‌కి నెట్ లేదు. అందుకే ఆగలేదు. అక్కడ ఫ్యాక్టరీలో అక్క కేబుల్ పీకిస్తోంది.

ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. హైవే మధ్యలో, టవర్ కిటికీలోంచి కనబడుతుండగా, సిగ్నల్ లేదు.

"షామినీ, నీ ఫోన్ ఇవ్వు. తొందరగా!" అన్నాడు తమిళంలో.

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఏటన్నా, అంత బయ్యమా?"

లోగేశ్వరన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అది తెలుగు. తన వీధి తెలుగు. గదిలో తను అక్కతో అన్న ప్రతి మాటా కళ్ల ముందు గిర్రున తిరిగింది. ఇన్నేళ్లుగా ఆమె ఎదుట నిర్భయంగా మాట్లాడిన ఫోన్లన్నీ.

"మా అమ్మమ్మ తెలుగోళ్లు," అంది షామిని. "నాకు మాటాడ్డం సరిగ్గా రాదు. ఇంటే మాత్రం అన్నీ తెలుస్తాయి."

డాష్‌బోర్డు మీద ఆమె మేకప్ పౌడర్ డబ్బా తెరిచి ఉంది. అద్దం కింద పౌడర్ లేదు. చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. సిగ్నల్ చంపే జామర్.

"ముగిలన్‌కి కాఫీ ఇచ్చినది..."

"నానే. ఫెర్రీ ఎక్కేముందు, బటర్‌వర్త్ జెట్టీ కాడ. నిద్దర మందు అన్నారు." ఆమె స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుంది. "నిద్దర మందే అన్నారు."

కారు హైవే దిగింది. రబ్బరు చెట్ల మధ్య మట్టిదారి. రెండువైపులా గాట్లు పడ్డ బోదెలు, నీడ, తడి ఆకుల వాసన. దూరంగా ఒక నల్ల వ్యాను, దాని పక్కన ఇద్దరు మనుషులు కనిపించారు. లోగేశ్వరన్ చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. తాళం పడి ఉంది. తుపాకీ గదిలోనే వదిలేశాడు. డెలివరీ కుర్రాడి దగ్గర తుపాకీ ఉండకూడదు కనుక. అతని దగ్గర మిగిలింది ఒళ్లో ఉన్న ఆ తెర ఒక్కటే.

"నన్ను సంపితే సంపు," అన్నాడు. "ముందు ఇది సూడు."

"నాకు తెల్సు. కిలాంగ్ కంప్యూటర్లకి తాళం ఏసి డబ్బులు అడుగుతారు. సాయంత్రం దాకా నిన్ను ఇక్కడ ఆపమన్నారు. అంతే."

"ఎవలు సెప్పినారు?"

"ఆలే."

"నిద్దర మందు అన్నోళ్లేనా?"

కారు వేగం తగ్గింది. అతను లాప్‌టాప్‌ని ఆమె వైపు తిప్పాడు. ఒక్కో వరసా చదివాడు. "స్క్రబ్బర్ అంటే గ్యాస్‌ని కడిగేసేది. దాన్ని ఆపుతాది. అలారం ఆపుతాది. తెర మీద అంతా బాగున్నట్టు సూపుతాది. అప్పుడు వాల్వులు తెరుత్తాది. ఇందులో తాళం లేదు షామినీ. డబ్బుల మాట ఒక్కటీ లేదు. ఎతుకు, కావాలంటే."

ఆమె కారు ఆపింది. వ్యాను దగ్గరి మనుషులు చెయ్యి ఊపారు. ఆమె తెర వైపు చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, ఇంగ్లీషు మాటల్ని లోపల్లోపల చదువుకుంటోంది. లిప్‌స్టిక్ తప్ప మొహంలో రంగు లేదు.

"ఏ కిలాంగ్ అయితే బాగుంటాదని నన్ను అడిగినారు," అంది నెమ్మదిగా. "నానే సెప్పినాను. నా ఊరే కదా, తెల్సినదే కదా అని. ఆ గేటు కాడ మా అమ్మమ్మ తోసెలు పోసి అమ్ముతాది, అన్నా. సిఫ్ట్ మారినప్పుడు."

ఒక మనిషి వ్యాను వదిలి కారు వైపు నడవడం మొదలుపెట్టాడు. లోగేశ్వరన్‌కి అతని చేతిలో తుపాకీ కనిపించింది. షామిని భుజం మీద చెయ్యి వేసి ఊపాడు.

ఆమె రివర్స్ గేరు వేసింది. టైర్లు బురద చిమ్మాయి. కారు చెట్ల మధ్య వెనక్కి దూసుకుపోతుంటే ముందు అద్దం పగిలి సాలెగూడులా అయింది. శబ్దం ఆ తర్వాత వినిపించింది. హైవే ఎక్కేదాకా ఇద్దరూ తలలు ఎత్తలేదు.

షామిని పౌడర్ డబ్బాని తీసి కిటికీలోంచి విసిరేసింది. లోగేశ్వరన్ ఫోన్లో సిగ్నల్ గీతలు లేచాయి.

అక్క నంబరు బిజీ. మళ్లీ చేశాడు. బిజీ.

ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో అతనికి తెలుసు.

*

ఫ్యాక్టరీ గేటు ముందు నీలం యూనిఫారాల గుంపు. లోపలికి వెళ్లేవాళ్లు వరసలో, పని దిగేవాళ్ల కోసం వచ్చిన బైకులు రోడ్డు పొడుగునా. గొడుగు కింద పెనం పొగలు. దాని వెనక తెల్లజుట్టు మనిషి గరిటె తిప్పుతోంది. షామిని కారు ఆపకుండా హారన్ మీద చెయ్యి నొక్కిపట్టి, గేటు కర్రని విరగ్గొట్టుకుని లోపలికి పోనిచ్చింది.

"జనాన్ని తోలు! గాలి ఎటు నుంచి ఒత్తాదో అటు! ఎత్తుకి!" అని షామినికి అరిచి చెప్పి లోగేశ్వరన్ దూకేశాడు.

కంట్రోల్ రూములో ఒకే ఒక్క ఇంజినీరు ఉన్నాడు. చొక్కా మీద తనేశ్ అని పేరు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, గోడ దగ్గర వంగి, నీలం కేబుల్ మీద చెయ్యి వేసి ఉన్నాడు. క్లిప్పు నొక్కాడు కూడా.

"ముట్టుకోకు!"

తనేశ్ ఉలిక్కిపడి తిరిగాడు. ఫోన్ కింద పడింది. అందులోంచి మలయ్‌లో శాంతాదేవి గొంతు: "పీకేశావా? హలో?"

లోగేశ్వరన్ నేల మీద పడి ఫోన్ అందుకున్నాడు. "అక్కా, కేబుల్ పీకకూడదు! నెట్ పోయినాదంటే అప్పుడే వదిలేత్తాది. సూసినాను. నా కళ్లతో సూసినాను."

అవతల ఆవిడ, "ఆ ఇంజినీరుకి ఇయ్యి," అంది. తనేశ్ చెవిలో మలయ్‌లో ఒకే వాక్యం పడింది: ఆయన చెప్పినట్టు చెయ్యి.

తనేశ్ కేబుల్ మీంచి చెయ్యి మెల్లగా తీశాడు, పామును వదిలినట్టు.

"పొద్దున నీకు ముగిలన్ పేరుతో ఏమైనా వచ్చిందా?" అన్నాడు లోగేశ్వరన్.

"మెయిల్ వచ్చింది సార్. లారీ ఫోటో. కొత్త డ్రమ్ములు తెచ్చే లారీ అని. మా మిషన్ల సాఫ్ట్‌వేర్ రాసినాయనే కదా అని తెరిచాను. ఫోటోనే, ఇంకేం లేదు." తనేశ్ తెర వైపు చూపించాడు. "చూడండి, అన్నీ గ్రీన్. వాల్వులు క్లోజ్డ్."

"ఈ తెరని నమ్మకు. కంప్యూటర్‌తో సంబంధం లేకుండా, చేత్తో తిప్పి మూసే వాల్వులున్నాయా?"

"డ్రమ్ముల మీదే ఉన్నాయి. వెనక షెడ్డులో."

"ఎన్ని?"

"నాలుగు. కానీ సార్, షిఫ్ట్ సైరన్ మోగబోతోంది..."

"పద!"

మాస్కులు తగిలించుకుంటూ పరుగెత్తారు. షెడ్డులో పసుపు డ్రమ్ములు నాలుగు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. వాటి నుంచి లావుపాటి పైపు గోడలోకి పోతోంది. పైపు మీద కరెంటు వాల్వు. దాని పక్కన గాలిని కడిగే యంత్రం ఆగిపోయి ఉంది. తెర మీద అది తిరుగుతూనే ఉందని కంట్రోల్ రూములో పచ్చ దీపం చెబుతోంది. తనేశ్ దాన్ని చూసి మాస్కు లోపల ఏదో అరిచాడు. స్క్రబ్బర్ ఆగి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు. అంటే లెక్క ముందే మొదలైంది.

తనేశ్ రెండు వాల్వులు మూశాడు. లోగేశ్వరన్ మూడోది మూశాడు. నాలుగోది కదలలేదు. తుప్పు. రెండు చేతులా పట్టి తిప్పాడు. అరచేయి చర్మం ఊడింది గానీ చక్రం కదలలేదు. మాస్కు అద్దం అతని ఊపిరికే మసకబారింది. చావు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. ఒక చిన్న చక్రం, ఒక మసక అద్దం.

ఇంకో జత చేతులు చక్రం మీద పడ్డాయి. మణికట్టుకి బంగారు గడియారం. షామినికి మాస్కు లేదు.

"ఎల్లిపో!" అని అరిచాడు.

"తిప్పు!" అంది ఆమె.

ముగ్గురూ ఒక్కసారి బరువు వేశారు. చక్రం కీచుమంది. పావు చుట్టు. సగం. పూర్తిగా బిగిసింది.

అప్పుడే షిఫ్ట్ సైరన్ మోగింది. పైపు మీద కరెంటు వాల్వు ఎవరూ ముట్టుకోకుండానే తనంతట తానే తెరుచుకుంది. టక్ అని చిన్న చప్పుడు. లోగేశ్వరన్ కళ్లు మూసుకున్నాడు. పైపులో మిగిలిన కొద్దిపాటి గ్యాస్ బుస్సుమంది. స్విమ్మింగ్ పూల్ వాసన వంద రెట్లయి కొట్టింది. షామిని దగ్గుతూ మోకాళ్ల మీద కూలబడింది. అతను ఆమెని చంకల కింద పట్టుకుని గాలి వచ్చే వైపుకి ఈడ్చాడు. తనేశ్ నీళ్ల పైపు తెరిచాడు.

బుస శబ్దం సన్నబడింది. ఆగిపోయింది. డ్రమ్ములు మౌనంగా పడుకునే ఉన్నాయి.

లోగేశ్వరన్ మాస్కు తీసి గడ్డి మీద వాంతి చేసుకున్నాడు. తర్వాత తనేశ్ వైపు చూసి, "ఇప్పుడు పీకు కేబుల్," అన్నాడు.

*

మట్టిదారిలో వ్యానుని శాంతాదేవి మనుషులు పట్టుకున్నారు. ఆ ఇద్దరి నోట ముఠా గురించి ఎంత బయటపడిందన్నది ఆవిడ లోగేశ్వరన్‌కి చెప్పలేదు. అతను అడగనూ లేదు. తాబేలు తల ఇంకా డిప్పలోనే ఉంది. కాళ్లు మాత్రం దొరికాయి.

గేటు బయట కొండవాలున కూర్చున్న జనం ఎందుకు పరుగెత్తారో తెలియక ఒకరినొకరు అడుగుతున్నారు. షామిని కళ్లు ఎర్రగా వాచిపోయి, ఆక్సిజన్ గొట్టంతో అంబులెన్సు మెట్టు మీద కూర్చుంది. పక్కన పోలీసు. చేతికి బంగారు గడియారం బదులు బేడీ.

ఆమె అమ్మమ్మ లెచ్చుమి పోలీసుని లెక్కచెయ్యకుండా వచ్చి ముందు నిలబడింది.

"ఏటే, ఏటి సేసినావు?"

షామిని ఆక్సిజన్ గొట్టాన్ని పక్కకి లాగింది. "తెల్కుండా ఒక పని సేసినాను, అమ్మమ్మా. తెల్సి ఒకటి సేసినాను."

ముసలమ్మ ఆ మొహం వైపు చూసింది. ఏమీ అర్థం కాలేదు. అయినా తన తువ్వాలు తడిపి మనవరాలి కళ్లు తుడవడం మొదలుపెట్టింది. "ఇన్నాళ్లకి మాటాడినావా మన బాస," అని మాత్రం అంది.

లోగేశ్వరన్ అటు తిరిగి నిలబడ్డాడు. ముగిలన్ గుర్తొచ్చాడు. అతను రాసిందే అది, అతని పేరుతో పంపింది మాత్రం ముఠా. దాన్ని ఆపాలని ఫెర్రీ ఎక్కిందీ అతనే. ఎవరు ఏడుస్తారు అతని కోసం? ఆ సంగతి అక్కని అడగాలి. శవాన్ని ఇంటికి చేర్చాలి.

కట్టు కట్టిన అరచేతుల్లో ఫోన్ మోగింది. మేనమామ అప్పన్న నుంచి వాట్సాప్. 'పెళ్లికి తప్పక రావాలి, కార్డు తెరిచి చూడు' అని మెసేజ్. కింద పువ్వుల బొమ్మతో పెళ్లి కార్డు. పేరు చివర మూడక్షరాలు: apk. ఫోన్లో దిగి కూర్చునే ప్రోగ్రాం. కార్డు కాదు.

అతను వేలు వెనక్కి తీసుకుని, మామకి ఫోన్ చేశాడు.

"మావా, నీకు పిల్లలు లేరు కదా. ఈ పెళ్లి ఎవలికి?"

"నాకేటి తెల్సురా," అన్నాడు అప్పన్న. "అది తెల్సుకుందారనే కదా నొక్కినాను."